అందరం చేరాం, ముందు నిలబడిందెవరు?

(రైతు సంఘం మండల మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించీ, కాలువ నీళ్ల గురించీ పొద్దుటి నుంచీ మాట్లాడుకుంటున్నాం. మేం ఇంకో సంగతి మీ ముందు పెడతాం. ధర అడగాలన్నా ముందు రైతు బతికి ఉండాలి కదా!

పోయిన ఖరీఫ్‌లో మా ఊళ్లో ఒక కౌలురైతు మోటారు స్టార్టరు పెట్టె దగ్గర షాక్ కొట్టి పడిపోయాడు. పది నిమిషాల్లో నలభైమందిమి చేరాం. మాలో ఆరుగురం 108కి ఫోన్ చేశాం. ఒకరం చెరువు వెనక అన్నాం, ఒకరం డొంక పక్కన అన్నాం, ఇంకొకరం ఊరి పేరు చెప్పి పెట్టేశాం. లైన్‌మన్‌కి మాత్రం ఎవరమూ చెప్పలేదు. ప్రతివాళ్లమూ ఇంకొకరు చెప్పి ఉంటారనుకున్నాం. కరెంటు తీశారో లేదో తెలియక చాలాసేపు దగ్గరికి పోలేకపోయాం. తీరా అంబులెన్స్ ఊరి మొగదలకు వచ్చి దారి అడుగుతుంటే, మేం అతన్ని ట్రాక్టరు ట్రక్కులో వేసుకుని వేరే దారిన పోయాం. ఆస్పత్రికి చేరేసరికి ప్రాణం లేదు.

అతను తప్పక బతికేవాడని మేం చెప్పలేం. కానీ గుండె ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆ నిమిషాలను మేమే పారేసుకున్నాం. ఆరోజు మనుషులకు కొదవ లేదు. వాళ్లను నడిపించే మనిషే లేడు.

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. అందులో పైలట్, ఈఎంటీ అని ఇద్దరే ఉంటారు. వాళ్లిద్దరే కరెంటు తీయలేరు, బావిలో దిగలేరు, జనాన్ని పక్కకు నెట్టలేరు. అందుకే నలుగురు కలవాలి. నలుగురు కలిసిన చోట ఎవరి మాట చెల్లాలో ముందే తేలి ఉండాలి.

మేం ఊళ్లో కూర్చుని ఇలా అనుకున్నాం. ప్రమాదం ఎవరి పనికి చెందిందో, అది తొలగేదాకా వాళ్ల మాటే మాట. కరెంటు అయితే లైన్‌మన్, లేదా 1912. సరఫరా ఆపామని వాళ్లు చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు, ట్రాన్స్‌ఫార్మర్ జోలికి మనం పోకూడదు. పాతబావిలో పడితే 101, అగ్నిమాపక సిబ్బంది. గాలి ఆడని బావిలో ఒకరి కోసం ఒకరు దిగి వరసగా ప్రాణాలు పోగొట్టుకోవడం మనం వింటూనే ఉన్నాం. రోడ్డు మీద అయితే బండ్లను ఆపడం, జనాన్ని జరపడం పోలీసుల పని. ప్రమాదం తొలగాక మనిషి గురించిన ప్రతి మాటా ఈఎంటీదే. ఏ ఆస్పత్రికి పోవాలో సర్పంచ్ గారు చెప్పకూడదు, మేనమామ చెప్పకూడదు. ఈఎంటీకి ఫోన్‌లో సలహా చెప్పే డాక్టరు ఉంటాడు.

వాళ్లు వచ్చేలోపు మన పని ఏమిటి? గుంపులో ఒకరు ముందు నిలబడి పేరు పెట్టి పని చెప్పాలి. "ఎవరన్నా ఫోన్ చేయండి" అంటే ఎవరూ చేయరు. "తమ్ముడూ, నువ్వు 108కి చెయ్యి, పెట్టెయ్యకు. బావా, నువ్వు బండేసుకుని మొగదలకు పోయి అంబులెన్స్‌కు దారి చూపించు. అక్కా, నువ్వు జనాన్ని దూరం జరుపు" అనాలి. ప్రమాదం తొలిగాక ఊపిరి లేకపోతే, నేర్చుకున్నవాళ్లు ఛాతీ మధ్యలో నిమిషానికి వందకు తగ్గకుండా నొక్కాలి, అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి.

పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి పంపాలి. పురుగుమందు ఒంట్లోకి పోతే బట్టలు తీసేసి సబ్బుతో కడగాలి, వాంతి చేయించొద్దు. డబ్బా మూతపెట్టి వెంట పంపాలి. దాని మీద పేరు చూస్తేనే డాక్టరుకు ఏ విరుగుడో తెలుస్తుంది.

రోడ్డు ప్రమాదంలో సాయం చేస్తే కేసు మెడకు చుట్టుకుంటుందని భయపడొద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తోంది. పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు.

ఇది మన ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఈ సభ ముందు మూడు డిమాండ్లు పెడుతున్నాం. ఒకటి, విద్యుత్, అగ్నిమాపక, పోలీసు, వైద్య సిబ్బంది, 108 వాళ్లు కలిసి మండలంలో ఏటా ఖరీఫ్‌కు ముందు ఉమ్మడిగా కూర్చోవాలి. రైతు సంఘాన్ని పిలవాలి. రెండు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పాముకాటు మందు ఎప్పుడూ నిల్వ ఉండాలి. రాత్రిపూట దాన్ని ఎక్కించే మనిషీ ఉండాలి. మూడు, ప్రతి ఊళ్లో పదిమందికి ప్రథమ చికిత్సలో శిక్షణ ఇవ్వాలి. అందులో ఆడవాళ్లు, కౌలురైతులు, కూలీలు తప్పకుండా ఉండాలి.

వాళ్లు చేసేదాకా మనం ఆగొద్దు. ఈ వారమే ఊళ్లో ఐదుగురిని ఎంచుకోండి. లైన్‌మన్ నంబరు, 108, 101, 1912 మోటారు షెడ్డు గోడమీద రంగుతో రాయండి. చేలకు పోయే దారులకు అందరికీ తెలిసిన గుర్తులు పెట్టుకోండి.

ధర్నాకు పోయేటప్పుడు ఎవరు ముందు నడవాలో, ఎవరు నీళ్లు మోయాలో మనకు తెలుసు. ఆ క్రమశిక్షణే పొలంలో ఒక ప్రాణం పోతున్నప్పుడూ చూపిద్దాం. ఆ కౌలురైతు భార్య ఈ సభలో వెనక వరసలో కూర్చుని ఉంది. ఆమెకు మనం చెప్పగలిగింది ఈ ఒక్కటే: ఇంకో ఇంట్లో ఇలా కానివ్వం.

రైతుల ఐక్యత వర్ధిల్లాలి!