కృష్ణలంక - ఏటి ఒడ్డు ఊరు



ఇవాళ కృష్ణలంక గురించి తెలుసుకుందాం. ఇది విజయవాడ నగరంలోనే ఉంది. అయినా ఏటి ఒడ్డు ఊరే.

లంక అంటే ఏమిటి? ఏరు ఒండ్రుమట్టిని మోసుకొస్తుంది. ఆ మట్టి మేట వేసి నేల అవుతుంది. ఆ నేలనే లంక అంటారు. ఇది కృష్ణమ్మ ఇచ్చిన నేల అని ఊరి పేరే చెబుతోంది.

ఊరికి ఎగువన ప్రకాశం బ్యారేజీ ఉంది. మొదట అక్కడ 1855లో ఆనకట్ట కట్టారు. అది 1952లో వరదకు తెగింది. తర్వాత బ్యారేజీ కట్టారు. 1957లో అది పూర్తయింది. దానికి 70 గేట్లు. వరదొస్తే గేట్లు ఎత్తుతారు. ఆ నీళ్లన్నీ కృష్ణలంక పక్కగానే పోతాయి.

మరి ఏటి పక్కన ఇళ్లెందుకు వేసుకున్నారు? వరదొస్తుందని తెలీకనా? తెలుసు. కానీ కూలీనాలీ చేసుకునేవాళ్లు నగరంలో జాగా కొనగలరా? బస్టాండు దగ్గర. పని దగ్గర. అందుకే అక్కడే గూడు కట్టుకున్నారు.

2009 అక్టోబరులో పెద్ద వరదొచ్చింది. ఏటి పక్క ఇళ్లు మునిగాయి. జనం సామాన్లు వదిలేసి గట్టెక్కారు. ఆ తర్వాత దశలవారీగా ఏటి వెంట రక్షణ గోడ కట్టారు.

2024 సెప్టెంబరులో ఇంకా పెద్ద వరదొచ్చింది. బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు పోయింది. క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. దాదాపు రెండు బిందెలు. అంటే ఒక్క సెకనులో 20 లక్షల బిందెలకు పైనే! బ్యారేజీ కట్టాక అంత నీరు ఎన్నడూ రాలేదు. అయినా గోడ అడ్డం నిలిచింది. కృష్ణలంక చాలావరకు గట్టెక్కింది.

అయితే అదే వరదలో నగరానికి అటుపక్క బుడమేరు పొంగింది. సింగ్‌నగర్ మునిగింది. ఒక పక్క గోడ కడితే చాలదు. నీరు మరో దారిన వస్తుంది.

అక్కలారా! గోడ కట్టించడం సర్కారు పని. అడగడం మన హక్కు. హెచ్చరిక చదివి తెలుసుకోవడం మన చేతిలో పని. మొదటి హెచ్చరిక అనగానే ఇంటి పట్టా, రేషన్ కార్డు ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టుకోవాలి. రెండో హెచ్చరిక వచ్చాక వెతుక్కోకూడదు.

మీ ఊరి పక్కన ఏ ఏరు ఉంది? ఏ వాగు ఉంది? అది ఎప్పుడు పొంగింది? ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. ఆ సంవత్సరం మీ చేత్తో రాసి పెట్టండి. మీ పిల్లలకు పనికొస్తుంది.