ఒక బంతియాట జట్టు – దాని వృద్ధిక్షయములు



పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలువబడి నీళ్లు త్రాగుట మేలని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతకు నిదర్శనముగా, హైదరాబాదు పేర ఆఱేండ్లు మాత్రము బ్రదికిన యొక ఫుట్‌బాల్ జట్టు వృత్తాంతమును మనవి చేసెదను. చెడుగుడు ఎఱిగిన మన పల్లెలకు ఈ బంతియాటతో పనియేమని తలంపవలదు. ఆట యేదైనను, సంఘము నిలుచుటకును కూలుటకును హేతువులు ఒక్కటియే.

హైదరాబాదునకు ఫుట్‌బాల్ క్రొత్తది కాదు. 1950 మొదలు 1963 వఱకు అచటి నగర పోలీసు జట్టునకు సయ్యద్ అబ్దుల్ రహీం గారు శిక్షకులు. వారు తొలుత బడిపంతులు. ఆ జట్టు 1950 నుండి 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. వారి శిక్షణముననే భారత జట్టు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమును, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందినది. పోలీసు జట్టువారికి కొలువే యాధారము. కడుపు చింత లేనివాని మనస్సు ఆటపై నిలుచును. 1963లో రహీం గారు కీర్తిశేషులైరి. పిదప ఆ వైభవమును క్రమముగా సన్నగిల్లెను.

2019 ఆగస్టులో క్రొత్త జట్టొకటి వెలసినది. పూనా నగరపు జట్టు మూతపడగా, దాని స్థానమున, పెక్కురు దాని యాటగాండ్రతోనే, హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్ ఏర్పడెను. తొలియేట గచ్చిబౌలి మైదానమున ఆడి, పదునెనిమిది పోటీలలో పది పాయింట్లు మాత్రమే సంపాదించి, పట్టికలో అట్టడుగున నిలిచెను. 2020లో స్పెయిను దేశీయుడైన మనోలో మార్క్వెజ్ శిక్షకుడై వచ్చెను. ఆయన యువకులను నమ్మి జట్టును తీర్చెను. మఱుసటి యేడు ఐదవ స్థానము లభించెను. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానమున తుదిపోటీ జరిగెను. కేరళ జట్టు ముందుగా గోలు చేయగా, ఆట ముగియవచ్చిన వేళ సాహిల్ తవోరా గోలు చేసి సమము చేసెను. పెనాల్టీ తన్నులలో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపెను. హైదరాబాదు విజేత యయ్యెను.

అయితే ఒక వింత గమనింపుడు. కరోనా మహమ్మారివలన ఆ రెండేండ్లును పోటీలన్నియు గోవాలోనే జరిగినవి. ఓడిన జట్టును నగరము కన్నులార చూచినది. గెలిచిన జట్టును మాత్రము దూరమునుండియే చూచినది. 2022-23లో జట్టు స్వస్థలమునకు మరలివచ్చి, పట్టికలో రెండవదిగా నిలిచినను, అప్పటికే లోపల చెద పట్టియుండెను.

జీతములు బాకీపడెను. బాకీలవలన క్రొత్తవారిని చేర్చుకొనరాదను నిషేధము వచ్చెను. శిక్షకుడు వెడలెను; పేరుగల యాటగాండ్రును వెడలిరి. మిగిలిన పిన్నవాండ్రతో తంగ్బోయ్ సింగ్టో అను శిక్షకుడు 2023-24లో బండి లాగెను. ఇరువదిరెండు పోటీలలో గెలుపు ఒక్కటియే. ఆ పిల్లలు ఓడుదుమని యెఱిగియు మైదానమునకు వచ్చుట మానలేదు. నా దృష్టిలో కప్పు గెలుచుటకంటె అది తక్కువ పౌరుషము కాదు. 2024లో యాజమాన్యము చేతులు మాఱెను. 2025 అక్టోబరులో జట్టు ఢిల్లీకి తరలి, పేరును మార్చుకొనెను.

పెద్దలారా! మన కంభము చెరువు విజయనగర ప్రభువుల కాలమునాటిది. కట్ట కట్టినవారి పేరు మాత్రమే దానిని నిలుపలేదు. తరతరములుగా గండ్లు పూడ్చి, పూడిక తీసినవారి చేతులును నిలిపినవి. మన యూళ్లలో పఠనాలయములు, భజన సమాజములు, యువజన సంఘములు గొప్పగా ప్రారంభమగుచున్నవి. ప్రారంభమునకు వేయి రూపాయలు వ్యయించువారు, రెండవయేటి దీపపు నూనెకు పది రూపాయలు ఎవరిత్తురో ముందుగా నిశ్చయింపవలెను. పనిచేయువానికి ఇత్తుమన్నది వేళకు ఇయ్యవలెను. ఊరివాండ్రు తమదనుకొననిది ఊరిలో నిలువదు.