పంతులు కొలువుకు ఎన్ని గడపలు?

(హన్మకొండలో డి.ఎడ్ విద్యార్థులు, ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



జీతభత్యాలు, అర్హతల మీద మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. లెక్కలన్నీ మీకు మాకంటే బాగా తెలుసు. ఎవరి బేసిక్ ఎంతో, ఎవరి ఇంక్రిమెంటు ఏ నెలలో పడుతుందో టీచర్లకు చెప్పేంత ధైర్యం ఏ విలేకరికీ లేదు. కాబట్టి మేము లెక్కలు చెప్పడానికి రాలేదు. ఆ లెక్కల వెనుక ఉన్న గోసను ఒక వరుసలో పెట్టి చూద్దామని వచ్చాం.

ఓరుగల్లు గడ్డ మీద నిలబడి మాట్లాడుతున్నాం కాబట్టి ఒక సంగతి యాది చేసుకోవాలి. 1952లో ముల్కీ ఉద్యమం ఎక్కడ పుట్టింది? సెక్రటేరియట్‌లో కాదు, పెద్ద పెద్ద ఆఫీసర్ల కుర్చీల దగ్గరా కాదు. ఇక్కడ, వరంగల్‌లో, బడిపంతుళ్ల కొలువుల దగ్గర పుట్టింది. బయటి నుంచి వచ్చినోళ్లను టీచర్లుగా తీసుకుంటున్నారని, దొంగ ముల్కీ సర్టిఫికెట్లు చెల్లుతున్నాయని విద్యార్థులు బళ్లు వదిలి బజారుకొచ్చారు. సెప్టెంబర్‌లో హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పుల దాకా పోయింది ఆ కథ. రాష్ట్రం కోసం జరిగిన కొట్లాటలో మొదటి పేజీ పంతులు నౌకరీ మీదే రాసి ఉంది. తర్వాత 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 డిసెంబర్ 30న 610 జీవో, 2001లో గిర్‌గ్లానీ కమిషన్, ఇవన్నీ మీకు కంఠతా. టీచర్ పోస్టుల్లో 80 శాతం లోకల్‌కు అన్నారు. మిగిలిన 20 శాతం అందరికీ ఓపెన్ అని అర్థమైతే, దాన్ని నాన్ లోకల్ కోటా లెక్క వాడుకున్నారు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల్లో జిల్లా పోస్టుల్లో 95 శాతం స్థానికులకే అని వచ్చింది. అది మనం కొట్లాడి తెచ్చుకున్నది. కాదనేది లేదు.

అయితే మిత్రులారా, వాటా దక్కడం ఒకటి, నోటిఫికేషన్ పడటం ఒకటి. 95 శాతం దేంట్లో? పోస్టు పడితే కదా అందులో 95 శాతం!

2012లో ఉమ్మడి రాష్ట్రంలో డీఎస్సీ అయింది. తర్వాత మనకు టీఆర్టీ వచ్చింది 2017 అక్టోబర్‌లో. 8,792 పోస్టులు, అందులో ఎస్జీటీలు 5,415. ఆ ఎస్జీటీలు బడి మెట్లు ఎక్కేసరికి 2019 వచ్చింది. ఆ తర్వాత మళ్లీ నిశ్శబ్దం. 2023 సెప్టెంబర్‌లో 5,089 పోస్టులన్నారు, ఎన్నికలొచ్చాయి, అది రద్దయింది. 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, అందులో ఎస్జీటీలు 6,508. జూలై, ఆగస్టుల్లో పరీక్ష, అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు. ఇది తొందరగానే అయింది, ఒప్పుకుంటాం. కానీ పన్నెండేళ్లలో రెండంటే రెండు నియామకాలు. 2013లో డి.ఎడ్ చేసి బయటికొచ్చిన పిల్లవాడు ఏం చేయాలి? ఒక మార్కుతో 2017 పోతే 2024 దాకా ఏం తిని బతకాలి?

ఏం తిని బతికాడో మనకు తెలుసు. ప్రైవేటు బడికి పోయాడు. కరోనా వచ్చి ఆ బడి మూతపడితే 2021లో ప్రభుత్వం నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం ఇస్తే లైన్‌లో నిలబడి తీసుకున్నాడు. ఆ సాయాన్ని మేము తక్కువ చేయడం లేదు. ఆ రోజుల్లో ఆ బియ్యం చాలా ఇండ్లల్లో పొయ్యి వెలిగించాయి. కానీ టీచర్ కావడానికి ప్రభుత్వం చెప్పిన చదువు మొత్తం చదివిన మనిషి బియ్యం లైన్‌లో ఎందుకు నిలబడాల్సి వచ్చిందని అడగకుండా ఉండలేం.

ఇక గడపల సంగతి. ఇంటర్‌లో 50 శాతం మార్కులు, దాని మీద రెండేళ్ల డి.ఎడ్. మన అమ్మానాన్నల కాలంలో దీన్నే టీటీసీ అన్నారు. ఆ సీటు కోసం ముందు ఒక ఎంట్రెన్సు. 2009 విద్యాహక్కు చట్టం వచ్చినంక, 2010 ఆగస్టు 23న ఎన్‌సీటీఈ నోటిఫికేషన్‌తో టెట్ తప్పనిసరైంది. 150 మార్కుల పేపర్లో జనరల్ వాళ్లకు 90 రావాలి, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60. అది పాసైతే కొలువొచ్చినట్టు కాదు, డీఎస్సీ రాసే అర్హత వచ్చినట్టు. డీఎస్సీ మార్కులకు 80 శాతం, టెట్‌కు 20 శాతం వెయిటేజీ. అంటే పాసైనవాడు కూడా ఆ 20 శాతం కోసం టెట్‌ను మళ్లీ మళ్లీ రాయాలి. 2017 జూలై తర్వాత టెట్ పెట్టింది 2022 జూన్‌లో. అయిదేళ్లు పరీక్షే లేదు! మరి ఫీజో? 2023లో నాలుగు వందలున్నది 2024లో ఒక పేపరుకు వెయ్యి, రెండు పేపర్లకు రెండు వేలయింది. నిరుద్యోగి దగ్గర ఫీజు పెంచడం ఏ ఆర్థిక శాస్త్రమో మాకు అర్థం కాదు. తర్వాత కొంత తగ్గించారు, అది కూడా అడిగితేనే.

టెట్ వద్దని మేము అనం. చిన్నపిల్లలకు అక్షరం దిద్దించే మనిషికి పిల్లల మనసు తెలిసి ఉండాలనే దాంట్లో తప్పు లేదు. అసలు బాధ గడపతోటి కాదు. గడప దాటుతుండగా దాన్ని ఇంకో చోటికి జరపడంతోటి.

2008 డీఎస్సీ చూడండి. నోటిఫికేషన్ పడినంక, ఎస్జీటీ పోస్టుల్లో 30 శాతం డి.ఎడ్ వాళ్లకు ప్రత్యేకం అన్నారు. డి.ఎడ్ వాళ్లు అడిగింది న్యాయమే, చిన్న బడికి ట్రైనింగ్ అయింది వాళ్లు. కానీ అప్పటికే మెరిట్‌లో ఉన్న బీఎడ్ వాళ్లు బయటపడ్డారు. కోర్టుల చుట్టూ తిరిగీ తిరిగీ, మన రాష్ట్రంలో వాళ్లకు 2025లో కొలువు దొరికింది. ఏ కొలువు? కాంట్రాక్టు ఎస్జీటీ, నెలకు 31,040 రూపాయలు. ఇరవై అయిదేళ్ల వయసులో పరీక్ష రాసినవాళ్లు నలభై దాటినంక కాంట్రాక్టు కాగితం పట్టుకున్నారు. డి.ఎడ్, బీఎడ్ అని మనల్ని ఎదురెదురు నిలబెట్టి, ఒక్క నియమాన్ని ముందే తేల్చి చెప్పని వాళ్లు మాత్రం ఏ గొడవలోనూ కనబడరు. తర్వాత 2018లో ఎన్‌సీటీఈ బీఎడ్ వాళ్లు కూడా ప్రాథమిక బడికి పనికొస్తారని, ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలని అన్నది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది చెల్లదని కొట్టేసింది. దేశం మొత్తం మీద ఎంతమంది పిల్లలు ఆ అయిదేళ్ల మాట నమ్ముకున్నారో ఆలోచించండి.

కొలువొచ్చినంక జీతం. టీచర్లకు బాగానే వస్తుంది కదా అని బస్సుల్లో, హోటళ్లలో అంటారు. అనేవాళ్లలో మా జర్నలిస్టు మిత్రులు కూడా ఉన్నారు. (వాళ్ల జీతాల సంగతి ఇంకో సభలో మాట్లాడుకుందాం, దానికి ఈ హాలు చాలదు.) 2010లో ఎస్జీటీ స్కేలు 10,900తో మొదలైంది. 2015లో 43 శాతం ఫిట్‌మెంట్‌తో 21,230. 2021లో 31,040 నుంచి 92,050 దాకా. మంచిదే. రాష్ట్రం వచ్చినంక పెరిగిందని చెప్పడానికి మాకు మొహమాటం లేదు. కానీ ఆ 31,040 ఎట్లొచ్చింది? 2018 జూలై నుంచి రావాల్సిన పీఆర్సీ. బిస్వాల్ కమిటీ ఏడున్నర శాతం ఫిట్‌మెంట్ చాలన్నది. ఉద్యోగులు భగ్గుమంటే 30 శాతమైంది. 2018 జూలై నుంచి 2020 మార్చి దాకా, 21 నెలలు, నోషనల్. అంటే కాగితం మీద పెరుగుతుంది, జేబులోకి రాదు. ఆ తర్వాతి ఏడాది బకాయి రిటైరయ్యేనాడు ఇస్తామన్నారు. 2019లో చేరిన ఎస్జీటీ ఆ పైసలు తీసుకునేసరికి ఆయన బళ్లో ఒకటో తరగతి పిల్లల పిల్లలు కూడా బడికి వస్తుంటారు. 2023 జూలై నుంచి రావాల్సిన దానికి అదే ఏడాది అక్టోబర్‌లో కమిటీ వేసి, 5 శాతం మధ్యంతర భృతి చేతిలో పెట్టారు.

ఇంటి అద్దె భత్యం తీసుకోండి. 2021 పీఆర్సీలో హైదరాబాద్‌లో 24 శాతం, పల్లెల్లో 11 శాతం. కొత్త ఎస్జీటీ బేసిక్ మీద పట్నంలో 7,449 రూపాయలు, పల్లెలో 3,414. పట్నంలో అద్దెలు ఎక్కువ, నిజమే. కానీ ఏ బడి నడవడం కష్టం? రోడ్డు లేని గూడెంలో ఉన్నది. అక్కడ పనిచేసే టీచరమ్మ మండల కేంద్రంలో ఉండి ఆటో మారి, ఇంకో ఆటో మారి, ఆఖరి రెండు కిలోమీటర్లు నడిచి పోతుంది. ఆ నడకకు ఏ పీఆర్సీలో కాలమ్ ఉంది? ఎక్కడ టీచర్ నిలవడో అక్కడ భత్యం పెంచాలని అడిగితే, ఊళ్లోనే ఉండొచ్చు కదా అని ఎదురు ప్రశ్న. ఆ ఊళ్లో ఇల్లు చూపించమనండి.

ఇక పని. మామూలు ప్రాథమిక బడి, ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు. ఒకటి, రెండులో మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి అయిదు దాకా నాలుగేసి. మొత్తం 18. అరవై మంది లోపు పిల్లలుంటే ఇద్దరే టీచర్లని విద్యాహక్కు చట్టంలోనే రాసి ఉంది. ఒకరు మీటింగుకు పోతే ఒక్కరే. 2022–23 నుంచి ఇంగ్లీషు మీడియం కూడా. తరగతికొక టీచర్ కావాలని మనం అడిగేది సార్ల సుఖానికి కాదు. పద్దెనిమిది పీరియడ్లను ఇద్దరు ఎట్ల పంచుకుంటారో ఏ మంత్రినైనా వచ్చి ఒక్కరోజు చేసి చూపమనండి.

తక్కువ జీతానికి పంతుల్ని పెట్టుకునే అలవాటు కొత్తది కాదు. 1980లలో నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లు. వాళ్లకు ఆ మొత్తమే ఇంటిపేరయింది, 398 టీచర్లని. తర్వాత రెండేళ్ల అప్రెంటిస్ విధానం. తర్వాత విద్యా వాలంటీర్లు, వాళ్లకు మన రాష్ట్రంలో 12 వేల దాకా ఇచ్చి, కరోనా ఏడాది నుంచి పిలవడమే మానేశారు. పేరు మారినప్పుడల్లా పని అదే, సుద్దముక్క అదే. సర్వీసు మాత్రం లెక్కలోకి రాదు.

2003 డీఎస్సీ వాళ్లది ఇంకో గోస. నోటిఫికేషన్ 2003 నవంబర్‌లో. కొత్త పింఛను విధానం మొదలైంది 2004 సెప్టెంబర్ 1న. నియామకాలు చేసింది 2005లో. ఆలస్యం సర్కారుది, పింఛను పోయింది టీచర్లకు. ఇసొంటి వాళ్లకు పాత పింఛను ఇవ్వొచ్చని కేంద్రం తన ఉద్యోగుల విషయంలో 2020లో, 2023లో మెమోలు ఇచ్చింది. అదే నియమం ఇక్కడ పెట్టమని వాళ్లు అడుగుతున్నారు. ఇంతకంటే సూటి న్యాయం ఇంకోటి మాకు కనబడలేదు.

చివరగా, ఈ రోజు ముందు వరుసలో ఉన్న సార్ల ముఖాల్లో కనబడుతున్న రంది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలున్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలి, లేకుంటే కొలువు వదలాలి. అయిదేళ్ల లోపున్నవాళ్లు కొనసాగొచ్చు, ప్రమోషన్ కావాలంటే మాత్రం టెట్ ఉండాలి. 2010 నోటిఫికేషన్‌లోనే అప్పటికే కొలువులో ఉన్నవాళ్లకు మినహాయింపు రాసి ఉంది. దాన్ని నమ్ముకుని పదిహేనేళ్లు పాఠం చెప్పారు. 1998, 2000, 2002 డీఎస్సీల్లో ఆనాటి పరీక్ష పాసై వచ్చినోళ్లే కదా వీళ్లు! సకల జనుల సమ్మెలో బళ్లకు తాళమేసి రోడ్డెక్కినవాళ్లలో వీళ్లున్నారు.

ఇది అన్యాయమని మేము నమ్ముతున్నాం. చట్ట సవరణ కోసం సంఘాలన్నీ ఒక్కటై పార్లమెంటు మీద ఒత్తిడి తేవాలి. ఏ సంఘం ముందు, ఏ బ్యానర్ పెద్దది అనే పంచాయితీ పక్కన పెట్టాలి. కానీ కొట్లాట ఉందని చదువు బంద్ పెట్టకండి. సవరణ రావొచ్చు, రాకపోవచ్చు. రెండేళ్ల గడువు మాత్రం ఆగదు. అందుకని ఒక పని అనుకున్నాం. ఇక్కడున్న డి.ఎడ్ పిల్లలకు టెట్ సిలబస్ నాలిక మీద ఉంది, శిశువికాసం చాప్టర్లు నిద్రలో లేపినా చెప్తారు. సార్లకు బడి తెలుసు, బోర్డు తెలుసు, ఏడ్చే పిల్లను ఎట్ల ఊకోబెట్టాలో తెలుసు. ఆదివారాలు ఇదే హాల్లో రెండు పక్కలా కూసుందాం. పిల్లలు సార్లకు సిలబస్ చెప్తారు, సార్లు పిల్లలకు బడి చెప్తారు. పేర్లు రాసే రిజిస్టర్ గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టించాం. పోయేటప్పుడు ఫోన్ నంబర్‌తో సహా రాసిపోండి.