పిఠాపురం చిన్నరాజావారు ఎస్టేటు తీసుకున్న నాడు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ పాత కార్యవర్గం దిగిపోతోంది, కొత్తది వస్తోంది. పద్దెనిమిదేళ్ళుగా ఈ సంఘం డబ్బు పెట్టె తాళాలు నా దగ్గర ఉన్నాయి. ఇంకో గంటలో అవి చేతులు మారతాయి. కార్యదర్శిగారు మొన్న ఫోన్ చేసి, "మాస్టారూ, మీరు చరిత్ర చెప్పినవారు కదా, బాధ్యతలు అప్పగించడం గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. శ్రీరామ పట్టాభిషేకం చెప్పమంటారా అని అడిగాను. అది అందరికీ తెలుసండీ అన్నారు. సరే, మన జిల్లాలో జరిగినదీ, మనలో చాలామందికి సగమే తెలిసినదీ చెబుతాను. పిఠాపురం కథ.

పిఠాపురం అనగానే మనకు పాదగయ, కుక్కుటేశ్వరుడు, ఆ తర్వాత కాకినాడలో పి.ఆర్. కాలేజీ గుర్తొస్తాయి. ఇక్కడ కూర్చున్నవారిలో ఆ కాలేజీ మెట్లెక్కినవాళ్ళు డజను మందైనా ఉంటారు. పి.ఆర్. అంటే పిఠాపురం రాజా అని తెలిసినవాళ్ళు అంతమంది ఉన్నారో లేదో మాత్రం చెప్పలేను.

రాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహద్దూర్ గారు 1885లో పుట్టారు. తండ్రి గంగాధర రామారావుగారు 1890లో పోయారు. అంటే పిల్లవాడికి ఐదేళ్ళు. ఐదేళ్ళ పిల్లవాడికి పలకా బలపం ఇస్తాం. ఈయనకు ఒక సంస్థానం ఇచ్చారు, దానితో పాటు ఒక వ్యాజ్యం కూడా ఇచ్చారు.

వ్యాజ్యం ఏమిటంటే, ఈ అబ్బాయి పుట్టకముందే తండ్రిగారు ఒక దత్తపుత్రుణ్ణి తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఈయన పుట్టారు. తండ్రిగారు వీలునామా రాసి ఎస్టేటును చిన్నవాడికి ఇచ్చారు. దత్తుడు ఊరుకుంటారా? కోర్టుకు వెళ్ళారు. మామూలు కాపురాల్లో అయితే తలో ఇంత పంచుకుని తగువు తీర్చుకోవచ్చు. ఈ సంస్థానాలు పంచడానికి వీల్లేనివి. ఉంటే మొత్తం ఒకరికే, లేకపోతే లేదు. అందుకే తగువు అంత గట్టిగా సాగింది. ఈ పిల్లవాడు అసలు రాజావారి కొడుకేనా అనేదాకా వెళ్ళింది వాదన. ఆ మాటలన్నీ కోర్టు కాగితాల కెక్కి, మద్రాసు దాటి, లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా ప్రయాణం చేశాయి. 1899లో తీర్పు వచ్చింది. ఆచారం గానీ, దానపత్రం గానీ అడ్డు లేనప్పుడు ఇలాంటి ఎస్టేటును అనుభవించే రాజు దాన్ని తనకు నచ్చినవారికి వీలునామా రాసి ఇవ్వవచ్చు, కాబట్టి వీలునామా చెల్లుతుంది అన్నారు. న్యాయశాస్త్రం చదివినవాళ్ళు దీన్ని పిఠాపురం కేసు అని ఇప్పటికీ చెప్పుకుంటారు. మన సంఘంలో ఇద్దరు ప్లీడర్లు ఉన్నారు, తల ఊపుతున్నారు, కనుక నేను తప్పు చెప్పలేదనుకుంటాను.

ఒక్కసారి ఆ పిల్లవాడి వైపు నుంచి చూడండి. ఊహ తెలిసిన దగ్గర నుంచి, నువ్వు ఎవరి కొడుకువో తేలవలసి ఉంది అని వింటూ పెరగడం. పదమూడు పద్నాలుగేళ్ళ వయసులో, తేలింది, అంతా నీదే అని వినడం. నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిపిల్లలతో గడిపాను. ఆ వయసు పిల్లవాడు ఇలాంటిది విన్నాక చెడిపోవడానికి వంద దారులుంటాయి.

ఈలోపు ఎస్టేటును ఎవరు నడిపారు? కోర్ట్ ఆఫ్ వార్డ్స్. పేరులో కోర్టు ఉంది గానీ అది కోర్టు కాదు, మద్రాసు రెవెన్యూ బోర్డే. వారసుడు మైనరైతే ప్రభుత్వమే ఆ ఎస్టేటును తన అజమాయిషీలోకి తీసుకునేది. శిస్తు వసూలు చేయడం, పేష్కష్ కట్టడం, అప్పులు తీర్చడం, మిగిలింది దాచడం వాళ్ళ పని. పిల్లవాణ్ణి చదివించడం కూడా వాళ్ళదే. మద్రాసు తేనాంపేటలో న్యూయింగ్టన్ అని జమీందారీ మైనర్ల కోసమే ఒక విద్యాలయం ఉండేది. చిన్నరాజావారు అక్కడ చదివారు. కూచి నరసింహం పంతులుగారు ఆయనకు ఇంగ్లీషు చెప్పారు. పంతులుగారి ప్రభావం రాజావారి మీద జీవితాంతం ఉందంటారు. (గురువులు ఈ మాట దగ్గర కాస్త చప్పట్లు కొట్టవచ్చు.) అయితే న్యూయింగ్టన్‌లో చదివిన ప్రతివాడూ ఇలా తయారయ్యాడనుకోకండి. తర్వాత 1919లో ఆ విద్యాలయం ప్రిన్సిపాలు రాత్రి నిద్రలో తుపాకీ దెబ్బకు పోయాడు. అనుమానం అక్కడి మైనర్ల మీదికే వెళ్ళింది. బడి మంచిదైతే చాలదు, నేను బడిపంతులుగా ఒప్పుకోవలసిన మాట అది.

మామూలు మనిషికి పద్దెనిమిదేళ్ళకే మైనారిటీ తీరుతుంది. ఆ రోజుల్లో కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కింద ఉన్నవాడికి మాత్రం ఇరవై ఒకటి నిండవలసి ఉండేది. అందుకని 1885లో పుట్టిన ఈయన 1906 దాకా ఆగవలసివచ్చింది. పదహారేళ్ళు ఇతరులు నడిపిన దివాణం అప్పుడు చేతికి వచ్చింది.

చేతికి వచ్చింది అన్నాను గానీ, ఏం వచ్చిందో చూడండి. తండ్రిగారు ఏ స్వేచ్ఛతో తనకు నచ్చినవాడికి రాసి ఇచ్చారో, ఆ స్వేచ్ఛకు ప్రభుత్వం 1904 చట్టంతోనే కత్తెర వేసింది. విభజన లేని ఎస్టేటుదారు తన తర్వాత కూడా చెల్లేటట్టుగా భూమిని అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి హద్దులు వచ్చాయి. ఆపైన రెండేళ్ళు తిరక్కుండా 1908లో ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం వచ్చింది. దున్నుకునే రైతుకు భూమి మీద అనుభవ హక్కు ఉందని చెప్పింది. పట్టా ఇవ్వాలి, ముచ్చిలికా పుచ్చుకోవాలి. ఇష్టం వచ్చినట్టు లేవగొట్టకూడదు, ఇష్టం వచ్చినట్టు శిస్తు పెంచకూడదు. అంటే చిన్నరాజావారు గద్దె మీద సర్దుకుని కూర్చునేసరికి, పైన అమ్ముకునే అధికారం తగ్గింది, కింద రైతును కదిల్చే అధికారం తగ్గింది. మధ్యలో మిగిలింది రాబడి, దాన్ని ఏం చేయాలనే ప్రశ్న.

రాబడి ఎలా వచ్చేదో రెండు ముక్కలు చెప్పాలి. 1802 నాటి శాశ్వత శిస్తు పద్ధతిలో జమీందారు సర్కారుకు కట్టే పేష్కష్ ఒక్కసారే ఖాయం చేశారు. వందేళ్ళలో సాగు పెరిగింది, ధరలు పెరిగాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా రూపే మారిపోయింది. సర్కారుకు కట్టేది కదలలేదు, రైతు దగ్గర వచ్చేది పెరుగుతూ పోయింది. ఆ రెండింటి మధ్య తేడాయే జమీందారు ఐశ్వర్యం. అది రాజావారి చెమట కాదు, వారి తాతగారి చెమట కూడా కాదు.

ఆ డబ్బుతో ఆయన చేసినవి మనవాళ్ళు నూరేళ్ళుగా చెప్పుకుంటున్నారు, చెప్పుకోవలసిందే. తండ్రిగారి నాటి కాలేజీని పెంచారు. అక్కడ ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి మాటకు తల ఒగ్గారు. ఆడపిల్లలనూ, గుడిగుమ్మం కూడా తొక్కనివ్వని కులాల పిల్లలనూ ఆ రోజుల్లోనే ఆ కాలేజీలోకి తీసుకున్నారు. కాకినాడలో బ్రహ్మమందిరం, అనాథాశ్రమం కట్టించారు. పానుగంటివారిని ఆస్థానంలో పోషించారు, తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణ విన్నారు. ఒక రాజు ఒక కాలేజీ ప్రిన్సిపాలు చెప్పిన మాట వినడం నాకు వీటన్నిటికంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది. మనలో ఎవరు విన్నాం?

ఇక నిఘంటువు. శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు. మన బడి లైబ్రరీలో ఎడమ గోడ బీరువాలో ఉండేది, తెలుగు మాస్టారు తప్ప ఎవరూ ముట్టుకునేవారు కాదు. జయంతి రామయ్య పంతులుగారు పూనుకున్నారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు భుజాన వేసుకుంది, రాజావారు ఖర్చు పెట్టుకున్నారు. మొదటి సంపుటం 1936లో వచ్చింది. మొత్తం పని ముగిసేసరికి జమీందారీలే లేవు. తెలుగు మాటలకు అంత పెద్ద కోశం అంతకుముందు లేదు. నేను అందులో మాటలు వెతుక్కుంటూ గడిపిన సాయంత్రాలకు లెక్కలేదు, అందుకు రాజావారికి రుణపడి ఉన్నాను.

కానీ ఆ నిఘంటువు గ్రాంథికవాదుల నిఘంటువు. కావ్యాల్లో ప్రయోగం ఉన్న మాటకే దాంట్లో పెద్దపీట. వాడుక మాటలకు చోటివ్వలేదని గిడుగువారి పక్షం వాళ్ళు గట్టిగానే ఆక్షేపించారు. నాకొక ఆలోచన వస్తుంది. ఆ అచ్చు ఖర్చు ఎక్కడి నుంచి వచ్చింది? ఆకుమడిలో, కుప్పనూర్పిడి కళ్ళంలో రైతు నోట ఆడిన మాటలున్నాయే, ఆ రైతు కట్టిన శిస్తు నుంచి వచ్చింది. శిస్తు పుచ్చుకున్నారు, మాటను మాత్రం గుమ్మం బయట నిలబెట్టారు. ఇది రాజావారి తప్పని నేను అనను. పని పండితులకు అప్పగించారు, పండితులు తమకు తోచినట్టు చేశారు. అయినా పేరు మాత్రం రాజావారిదే కదా ఆ పుస్తకం మీద.

మా తాతగారిది వేరే జమీందారీ ఊరు, పేరెందుకు లెండి. ఆయన చనిపోయాక ట్రంకుపెట్టెలో శిస్తు రసీదుల కట్ట దొరికింది, పురికొసతో కట్టి ఉంది. ఏ రసీదూ పారేయలేదు. ఎందుకంటే ఠాణా గుమాస్తా ఒకసారి, పోయిన ఏడు బకాయి ఉందని రెండోసారి కట్టించుకున్నాడట. అప్పుడు మా నాయనమ్మ చేతి మురుగులు అమ్మారు. ఆ జమీందారు మంచివాడనే చెప్పేది మా నాయనమ్మ. ఆయనకు ఈ సంగతి తెలియనే తెలియదు అనేది. తెలియకపోవడం గురించే నా బాధంతా. ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన వేసిన కమిటీ 1938లో జమీందారీ రైతుల గోడు నివేదికగా ఇచ్చింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. సూర్యారావుగారు 1964 దాకా జీవించారు. అంటే చిన్ననాడు తెలియకుండా చేతికి వచ్చినది పెద్దతనంలో కళ్ళెదుట వెళ్ళిపోవడం కూడా చూశారు.

ఇంగ్లండు నుంచి వచ్చిన మన పాత విద్యార్థి ఒకరు నిన్న రాత్రి భోజనాల దగ్గర, అక్కడ ఇంకా ఇలాంటివి ఉన్నాయి మాస్టారూ అన్నాడు. నిజమే. 1337లో ఏర్పడిన కార్న్‌వాల్ డచీ 2022 సెప్టెంబరులో యువరాజు విలియం చేతికి వచ్చింది. రాబడి ఆయనదే, ఆస్తిని మాత్రం సొంతంగా అమ్ముకోవడానికి లేదు, పెద్ద బేరాలకు అక్కడి ఖజానా అనుమతి కావాలి. మన 1904 చట్టం చదివినవాడికి ఇది కొత్తగా అనిపించదు. తేడా ఏమిటంటే, ఆ డచీ లెక్కలు ఏటా పార్లమెంటు ముందు పెడతారు, పత్రికలవాళ్ళు వాటిని పట్టుకుని ఈ అద్దె ఎందుకు, ఆ అద్దె ఎవరి దగ్గర అని నిలదీస్తారు. మా తాతగారి దగ్గర ఉన్నది పురికొస ఒక్కటే.

సరే, నా ఇరవై నిమిషాలూ అయిపోవస్తున్నాయి, అధ్యక్షులు గడియారం చూస్తున్నారు.

మన సంఘానికి సంస్థానం ఏమీ లేదు. బ్యాంకులో శాశ్వత నిధి ఉంది, బడి వెనక రెండు గదులున్నాయి, పేద పిల్లల ఫీజులకు వచ్చే వడ్డీ ఉంది. దాతల పేర్లు పాలరాతి మీద చెక్కించాం. పది రూపాయలు, ఇరవై రూపాయలు ఇచ్చినవాళ్ళ పేర్లు రాతి మీద పట్టవని మా కార్యవర్గమే తీర్మానించింది. ఆ తీర్మానం మీద నేనూ సంతకం పెట్టాను. మన బడి ముందు బఠాణీలు అమ్మిన అవ్వ ఇచ్చిన పదకొండు రూపాయలు ఇందులోనే ఉన్నాయి, రాతి మీద లేవు.

ఆ పేర్లన్నీ ఈ ఎర్ర అట్ట పద్దు పుస్తకంలో ఉన్నాయి. కొత్త కోశాధికారి నా దగ్గర తొమ్మిదో తరగతి చదివిన అమ్మాయే. అమ్మా, ఇలా పైకి రా. తాళాలు ఇవిగో. పుస్తకం ఇది. పుచ్చుకున్నట్టు సంతకం పెట్టే ముందు ఇక్కడే కూర్చుని లెక్క చూసుకో, మేము ఆగుతాం, భోజనాలు పది నిమిషాలు ఆలస్యమైతే ఏమీ కాదు. నలభై మూడో పేజీలో కూడిక తప్పు ఉంది. నూటపది రూపాయల తేడా. ఆ తప్పు నాది. డబ్బు ఈ కవరులో పెట్టాను.