లివర్ ఒక్కసారి చూసుకోండి

చిక్కడపల్లి సందులోంచి అశోక్‌నగర్ వైపు ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్‌ను తిప్పుతుంటే స్టీరింగ్ బిగుసుకుని, టైర్లు కీచుమంటున్నాయా? ట్రాన్స్‌ఫర్ కేస్ లివర్ ఫోర్ హెచ్‌లో, అంటే నాలుగు చక్రాలకూ బలం వెళ్లే స్థానంలో, ఉందేమో చూడండి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. మామూలు పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ బండ్లలో ఫోర్ హెచ్ పెడితే ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు, వెనక షాఫ్టులను ఒకే వేగానికి కట్టేస్తుంది. బురదలోనైతే చక్రం జారి సర్దుకుంటుంది. పొడి తారురోడ్డు మీద చక్రం అలా జారదు కాబట్టి ఒత్తిడంతా గేర్ల మీద, షాఫ్టుల మీద పడుతుంది.

అందుకే కొందరు ముందు చక్రాలకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టే విప్పించేస్తామంటారు. అక్కర్లేదండీ. లివర్‌ను టూ హెచ్‌లో పెడితే ఇంజిన్ బలం వెనక చక్రాలకే వెళ్తుంది. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా పడేలా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. నారాయణగూడలో మెకానిక్ షెడ్డుకు బయల్దేరే ముందు ఆ లివర్ ఒక్కసారి చూసుకోండి.