తాళం ఎవరి చేతిలో ఉంది?
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పద్యాలకీ భోజనాలకీ మధ్య నన్ను సెల్‌ఫోన్ మీద మాట్లాడమన్నారు కార్యదర్శి గారు. ఆకలి వేళ. పది నిమిషాల్లో ముగిస్తాను.

మాజీ సైనికుల కోసం మనవాళ్లు నడుపుతున్న సహాయ కేంద్రంలో ఆరు టాబ్లెట్లున్నాయి. స్పర్శ్‌లో పెన్షన్ వివరాలు చూసుకోవడానికి, ఏటా జీవన్ ప్రమాణ్ ఇవ్వడానికి రోజూ పదిమంది చేతులు వాటి మీద పడతాయి. ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఆ తెరల మీదే కనబడతాయి. కేంద్రం చూసుకునే కుర్రవాడు ఒకరోజు నన్నడిగాడు: "సార్, వైర్‌లెస్ డీబగ్గింగ్ అనే స్విచ్ ఒక్కటి ఎవరూ ఆన్ చెయ్యకుండా తాళం వేసే యాప్ ఏదైనా చెప్పండి" అని. ప్రశ్న మంచిదే. జవాబు మాత్రం ఒక్క ముక్కలో తేలేది కాదు.

ముందు ఆ స్విచ్ ఏమిటో చూద్దాం. యాప్‌లు తయారుచేసేవాళ్లు ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపి పరీక్షించుకోవడానికి ఆండ్రాయిడ్‌లో ఒక దారి ఉంది. దాన్ని ఏడీబీ అంటారు. మొదట్లో దీనికి కేబుల్ కావాల్సి వచ్చేది. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి కేబుల్ అక్కర్లేదు. రెండూ ఒకే వైఫై మీద ఉండి, క్యూఆర్ కోడ్ చూపించినా, ఆరంకెల కోడ్ కొట్టినా జత కుదురుతుంది. కుదిరాక ఆ కంప్యూటర్ మన ఫోన్‌లో యాప్ ఎక్కించగలదు, తెరను ఫోటో తీయగలదు, వేలితో నొక్కినట్టే నొక్కగలదు, మన ఫోటోలూ ఫైళ్లూ కాపీ చేసుకోగలదు. బ్యాంకు యాప్ తన లోపల దాచుకున్న సమాచారాన్ని మామూలు ఫోన్‌లో నేరుగా తీసుకోలేదు. అయినా తెర కనబడుతుంటే దొంగకి ఇంకేం కావాలి?

తయారుచేసినవాళ్లు కాపలా పెట్టకపోలేదు. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.2 నుంచి డెవలపర్ ఆప్షన్స్ దాచిపెట్టారు. బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితేగాని అది బయటపడదు. వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆన్ చేస్తే ఈ వైఫైని నమ్మవచ్చా అని అడుగుతుంది. వైఫై తెగితే దారి మూసుకుంటుంది. ఏడు రోజులు కలవని కంప్యూటర్‌ని ఫోన్ మరిచిపోతుంది, ఆ గడువును ఎవరూ రద్దు చెయ్యకపోతే.

ఇక మన అదుపు ఎంతవరకో చెబుతాను.

మొదటిది. మామూలు యాప్‌కి ఆ స్విచ్ మీద అధికారం లేదు. సెంట్రీ గార్డ్ కమాండర్ మాట వింటాడు గాని దారినపోయేవాడి మాట వినడు కదా, ఇదీ అంతే. ఆ అనుమతి ఫోన్ సిస్టమ్‌లో భాగమైన యాప్‌లకే ఉంటుంది. లేదా ఏడీబీ ద్వారా ఇవ్వాలి. అంటే తాళం వేసేవాడికి తాళంచెవి ఇవ్వాలంటే ముందు ఆ తలుపే తెరవాలి! అలా ఇచ్చినా యాప్ స్విచ్ ఆపుతుంది, ఇంకొకడు మళ్లీ వేస్తాడు. అది లాగులాట అవుతుందిగాని తాళం కాదు. ఈ నియమమే మనల్ని కాపాడుతోందనీ మరవకండి. దొంగ యాప్ కూడా తనంతట తాను ఆ స్విచ్ వెయ్యలేదు. కాని యాక్సెసిబిలిటీ అనుమతి ఇచ్చేశామంటే మన వేలు చేసే పని అది చేసేస్తుంది. జాగ్రత్త.

రెండోది. నిజమైన తాళం ఒకటుంది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి, సంస్థ తన పరికరాన్ని తన యాజమాన్యం కింద నమోదు చేసుకుంటే డీబగ్గింగ్‌ని నిషేధించవచ్చు. అయితే మామూలుగా ఆ నమోదు కొత్త పరికరంలోనో, అంతా చెరిపేసిన పరికరంలోనో మొదట్లోనే జరగాలి. పైగా ఈ నిషేధం గాలిదారికీ కేబుల్‌దారికీ కలిపే వర్తిస్తుంది. రిపేరుకొచ్చినవాడికీ తలుపు మూసే ఉంటుంది.

మూడోది. సొంత ఫోన్‌లో ఆఫీసు ప్రొఫైల్ మాత్రం పెట్టుకుంటే ఆ నిషేధం ఆ ప్రొఫైల్ వరకే. మిగతా ఫోన్ మీద ఆఫీసుకి ఆ పట్టు ఉండదు. అది న్యాయమే, ఫోన్ మనది కాబట్టి. కాని బాధ్యత కూడా మనదే. 2020 జూలైలో సైన్యం 89 యాప్‌లు తీసెయ్యమని ఆదేశించినప్పుడు కూడా తీసెయ్యాల్సింది మన వేలే.

నాలుగోది. ఈ స్విచ్ ఆపితే అన్నీ ఆగినట్టు కాదు. పాత పద్ధతి ఇంకొకటుంది, 5555 నంబర్ పోర్టు మీద నడిచేది. 2018లో ఏడీబీ.మైనర్ అనే పురుగు ఆ దారినే పాకింది. కంపెనీ నుంచే ఆ దారి తెరిచి వచ్చిన టీవీ బాక్సుల్లాంటివి దానికి దొరికిపోయాయి. ఇంట్లో చవకరకం బాక్సు ఉంటే దాని సెట్టింగ్స్ కూడా చూసుకోండి. ఇక రూట్ చేసిన ఫోన్‌లో ఏ నిషేధమైనా నిలుస్తుందన్న భరోసా లేదు.

ఇదంతా చెప్పాక కమిటీలో వాదన వచ్చింది. "ఒక్క స్విచ్ కోసం ఆరు టాబ్లెట్లూ చెరిపేస్తారా? నవంబరులో పెద్దవాళ్లు క్యూలో ఉంటారు" అన్నారు. వారి మాటలో న్యాయముంది. అవతలి పక్కన పెన్షనే ఆధారమైన వాళ్ల ఖాతాలున్నాయి. చివరికి రోజుకి రెండు చొప్పున చెరిపి, సంఘం పేర నమోదు చేసి, డీబగ్గింగ్ నిషేధించి, వాటికి వేరే వైఫై పెట్టాం. మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నాలుగు టాబ్లెట్లతోనే కేంద్రం నడిచింది. కొందరు పెద్దవాళ్లు మర్నాడు మళ్లీ రావాల్సి వచ్చింది. వాళ్లకి కారణం చెప్పాం, అర్థం చేసుకున్నారు.

ఇళ్లల్లో మీరు చెయ్యాల్సింది ఇంతకంటే తేలిక. సెట్టింగ్స్‌లో డెవలపర్ ఆప్షన్స్ కనబడితే లోపలికి వెళ్లి, పాత డీబగ్గింగ్ అనుమతులన్నీ రద్దుచేసి, ఆపెయ్యండి. బ్యారక్‌లో పదిమంది ఒకే హాట్‌స్పాట్ మీద ఉన్నప్పుడు ఆరంకెల కోడ్ ఎవరికీ చూపించకండి. ఫోన్ చేసినవాడు బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కమన్నాడా, ఏ అధికారినని చెప్పినా సరే, కాల్ కట్ చెయ్యండి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకి ఈ ఒక్క మాట ఈ రాత్రే చెప్పండి.

అదుపు మన చేతిలో ఎంత ఉందో తెలిసినవాడు మిగతా చోట కాపలా పెట్టుకుంటాడు. భోజనాలు సిద్ధంగా ఉన్నాయట.  జై హింద్.