పెళ్లికూతురి చేతికి మైకు



ముహూర్తాలు మొదలైతే మేడ్చల్, శామీర్‌పేట దారుల్లో ఫంక్షన్ హాళ్లన్నీ కిటకిటలాడతాయి. స్టేజీ మీద యాంకర్ మాట్లాడుతుంది. మేనమామ మాట్లాడతాడు. పెళ్లికూతురు మాత్రం నవ్వుతూ నిలబడుతుంది. ఆమె కూడా మాట్లాడాలి. తప్పకుండా మాట్లాడాలి.

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద జరిగే పెళ్లిలో ఆమె మాట లేనిదే పని జరగదు. అధికారి ముందు, సాక్షుల ముందు, తనకు అర్థమయ్యే భాషలో, ఇతన్ని భర్తగా స్వీకరిస్తున్నానని ఆమే చెప్పాలి. చెప్పనిదే ఆ పెళ్లి పూర్తయినట్టు కాదు.

మరి మన పెళ్లిలో ఎప్పుడు మాట్లాడాలి? జీలకర్ర బెల్లం వేళ బాజాల హోరు. అప్పగింతలప్పుడు గొంతు పూడుకుపోతుంది. రిసెప్షన్‌లో, భోజనాలకు లేవకముందే మాట్లాడండి. రెండు మూడు నిమిషాలు చాలు. చుట్టాలు సిటీకి తిరిగి వెళ్లాలి కదా.

ఏం చెప్పాలి? అమ్మానాన్నల గురించి ఒక్క సంగతి. ఒక్కటే, కానీ నిజంగా జరిగింది. కష్టపడి పెంచారు అంటే ఎవరికీ గుర్తుండదు. ఇంటర్ పరీక్షలకు నాన్న రోజూ బండి మీద దింపి, అయ్యేదాకా గేటు బయటే నిలబడ్డారు అనండి. హాలంతా వింటుంది. తర్వాత అత్తామామలకు ఒక మంచి మాట. ఆపైన పెళ్లికొడుకుతో సూటిగా మీ మాట. ఇంట్లో మాట్లాడే తెలుగే మాట్లాడండి.

చిన్న అట్ట మీద రాసుకోండి. ముందే అక్కకు గట్టిగా చదివి వినిపించండి. మైకు పట్టేముందు దండ తీసి చెల్లెలి చేతికివ్వండి. పూలు తగిలితే గరగరే వినిపిస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. మాట్లాడేవాళ్ల పేర్లు యాంకర్‌కు ఇచ్చేటప్పుడు అమ్మాయి పేరు కూడా రాయండి.